అతుకు ఆరేదాకా

సెమిలిగుడ,
జూలై 12

సూర్యారావుకి మీ బావ ఆశీస్సులు.

మీ అప్పని నువ్వు రాయగడ తీసుకెళ్ళి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. చేతికట్టు ఎలా ఉంది, నొప్పికిచ్చిన మాత్రలు వేసుకుంటోందా, మీ ఆవిడ సుబ్బులు మీద ఆడపడుచు అధికారం మొదలెట్టిందా, అన్నీ వివరంగా రాయి. ఫోన్ మాత్రం చెయ్యకు. మొన్న నువ్వు చేసినప్పుడు ‘అలాగే, అలాగే’ అన్నాను గానీ ఒక్క ముక్క అర్థం కాలేదు. చెవి మిషన్ పెట్టుకుంటే ఎదురుగా ఉన్న మనిషి మాట కొంత తెలుస్తుంది, ఫోన్లో మాట మాత్రం ఈలలా వస్తుంది. ముప్పై అయిదేళ్ళు జెట్ ఇంజన్లు పరీక్ష చేసే చోట నిలబడ్డవాణ్ణి. చెవులకి పెట్టుకోమని ఇచ్చినవాటిని మెళ్ళో దండలా వేసుకుని తిరిగిన మొనగాణ్ణి. ఇప్పుడెవర్ని అనుకుని ఏం లాభం. ఉత్తరమైతే ఎవరూ అరవక్కర్లేదు.

ఆ రోజు నువ్వు వచ్చిన హడావిడిలో సరిగ్గా చెప్పలేకపోయాను. జరిగింది ఇది. పొద్దున్న పదకొండు గంటలు, ముసురు. నేను వెనకగదిలో నా బల్ల దగ్గర ఉన్నాను. నువ్వు ఉగాదికి పంపిన ఆ పాత బొమ్మవిమానం కిట్ ఉంది కదా, వాంపైర్, దాని ఒళ్ళు నిలువునా రెండు దొప్పలుగా వస్తుంది. ఆ దొప్పలు రెండూ ఆ పూటే అతికిస్తున్నాను. ఆ పని చేసేటప్పుడు చెవి మిషన్ తీసి పక్కన పెట్టేస్తానని నీకు తెలిసిందే. మీ అప్ప పెరట్లో కుళాయి బండ మీద పాచికి జారి పడింది. పిలిచిందట. నాకు వినబడలేదు. పని అయ్యి లేచి వెళ్తే పడి ఉంది. పక్కింటి బంగారమ్మని పిలిచి, ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళేను. కుడిచెయ్యి మణికట్టు దగ్గర రెండుచోట్ల విరిగింది. అంతే జరిగింది.

ఒక్కడూ ఏం వండుకుంటాడు, ఆమెకేం చేస్తాడు అని నువ్వు తీసుకెళ్ళడం మంచి పనే. నేనే అడగాల్సింది. కట్టు విప్పే రోజు ముందుగా రాయి, వచ్చి తీసుకెళ్తాను.

మీ బావ,
తిరుమలరావు


రాయగడ,
జూలై 24

బావకి నమస్కారాలు.

నీ ఉత్తరం చూసి కొట్లో కుర్రాళ్ళంతా వింతగా చూసేరు. పోస్టుమేన్ మా కొట్టుకి ఉత్తరం తెచ్చి ఎన్నేళ్ళయిందో. వాట్సాప్ నేర్చుకో బావా, నీలాంటివాళ్ళ కోసమే దేవుడు దాన్ని పుట్టించేడు అని చెప్పి చెప్పి నాకు నోరు నొప్పెట్టింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అన్నారు పెద్దలు, వాళ్ళు నిన్ను చూసే అని ఉంటారు.

అప్ప బాగానే ఉంది. పిండికట్టు మీద ఎవరో పిల్లలు పెన్నుతో పువ్వులు వేసేరు. సుబ్బులు మీద అధికారం సంగతి అడిగేవు కదా, అది వచ్చిన మర్నాడే మొదలైంది. చారులో పులుపెక్కువైందని ఒకరు, తినేవాళ్ళకి లేని బాధ మీకెందుకు వదినా అని ఒకరు. నాకు మాత్రం అమ్మ ఉన్నప్పటి ఇల్లులా సందడిగా ఉంది. మధ్యాహ్నాలు కొట్లోకి వచ్చి కూర్చుంటుంది. ఎడంచేత్తో గాజుల డబ్బాలు సర్దుతుంది. కొండలమీంచి వచ్చిన ఆడవాళ్ళతో దేశియా భాషలో బేరాలు కూడా చేస్తోంది.

నీ విమానాలు ఎన్నని సుబ్బులు అడిగింది. అప్ప ఏమందో తెలుసా? “నలభయ్యొక్క మంది సవతులమ్మా. ఒక్కదానికీ వంట రాదు” అంది. సుబ్బులు కడుపు పట్టుకుని నవ్వింది. అప్ప నవ్వలేదు గానీ అది ఆమె పద్ధతే కదా, నవ్వించి తను గమ్మునుంటుంది.

ఆ వాంపైర్ పెట్టె నాన్న కాలం సరుకు. అప్పట్లో విశాఖపట్నం హార్బరు దగ్గర కొని తెచ్చినవాటిలో ఒక్కటి అటక మీద మిగిలిపోయింది. మనకెందుకు పనికొస్తుంది, బావైతే కళ్ళకద్దుకుంటాడు అని పంపేను. ఇలా చెయ్యి విరగ్గొట్టే ముహూర్తాన విప్పుతావని తెలిస్తే పంపేవాణ్ణి కాదు. పైగా పేరు చూడు, రక్తం తాగే దెయ్యం పేరు. సర్లే, నవ్వులాటకి అన్నాను, మనసులో పెట్టుకోకు.

కట్టు ఆగస్టు నెలాఖరుకి విప్పుతారట.

నీ బావమరిది,
సూర్యారావు


సెమిలిగుడ,
ఆగస్టు 10

సూర్యారావుకి,

నలభయ్యొక్కమంది కాదు, నలభయ్యారుమంది. అయిదుగురు బీరువా మీద ఉన్నారు, మీ అప్ప చూసి ఉండదు.

నా వంట గురించి చెప్తాను, సుబ్బులుకి వినిపించు, ఇంకోసారి నవ్వుకుంటుంది. కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో నాకు తెలీదు. ఆవిరి చూసి లెక్కపెడదామని ఎదురుగా నిలబడితే కళ్ళద్దాలకి మంచు పట్టింది. అన్నం గంజిముద్దయింది. రెండు రోజులు అదే తిన్నాను. ఇప్పుడు జంక్షన్లో లారీలవాళ్ళు తినే హోటల్లో దాల్మా పప్పు, అన్నం తిని వస్తున్నాను. అక్కడ ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు కాబట్టి నా చెవుడు బయటపడదు.

ఇన్నాళ్ళూ నాకు తెలియని సంగతి ఒకటి తెలిసింది. ఈ ఇంట్లో చప్పుళ్ళన్నీ నాకు మీ అప్పే చెప్పేది. “తలుపు కొడతన్నారు”, “కుళాయి ఇడిసేరు”, “బంగారమ్మ కోడలు మళ్ళీ ఏడస్తంది”, “వానొస్తంది లోపలికి రండి.” ఆమె మాట్లాడుతుంటే విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు గ్యాసు సిలిండరువాడు రెండుసార్లు తలుపు కొట్టి వెళ్ళిపోయేడు. వాన మొదలైనట్టు కిటికీ అద్దం తడిస్తే గానీ తెలీదు. ఒంటరిగా ఉంది సూర్యారావూ. అరవై ఎనిమిదేళ్ళవాడు బావమరిదికి రాయాల్సిన మాట కాదు. రాసేసేను, కొట్టెయ్యను.

వాంపైర్ పని నడుస్తోంది. నీకు దీని గొప్పతనం తెలీదు గాబట్టి చెప్తాను. మన వాయుసేనకి మొట్టమొదట వచ్చిన జెట్ ఇదే. పైలట్ కూర్చునే భాగమంతా చెక్క. చెక్క ముక్కు, జెట్ ఇంజను, వెనక రెండు తోకకొమ్ములు. ఎద్దుబండికి లారీ ఇంజను పెట్టినట్టుంటుంది గానీ ఎగిరింది. నీ పెట్టెలో రంగు గుర్తుల కాగితం యాభై ఏళ్ళకి పచ్చబడిపోయింది. నీళ్ళలో నానబెట్టి రెక్కల మీద అంటించే గుర్తులు అవి. పచ్చగా ఉంటే అంటించడానికి లేదు. దానికో చిట్కా ఉంది. ఆ కాగితాన్ని కిటికీ అద్దానికి టేపుతో అంటించి వదిలేస్తే ఎండకి పసుపు విరుగుతుంది. వెనకగది కిటికీకి అంటించేను. శ్రావణమాసంలో కోరాపుట్ కొండల్లో ఎండ అడిగే మొనగాణ్ణి నేనే. రోజుకి ఐదారుసార్లు వెళ్ళి విరిగిందా అని చూస్తాను.

అక్కణ్ణించి పెరడంతా కనిపిస్తుంది. బండ మీద పాచి గీకించేశాను, మీ అప్పకి చెప్పు.

మీ బావ,
తిరుమలరావు


రాయగడ,
సెప్టెంబరు 2

బావా,

శుభవార్త. వారం క్రితం కట్టు విప్పేరు. చెయ్యి కాస్త సన్నబడింది, వేళ్ళు బాగానే ఆడుతున్నాయి. బరువు ఎత్తొద్దన్నారు. ఆ రోజే మజ్జిగౌరమ్మ గుడికి తీసుకెళ్ళి కొబ్బరికాయ కొట్టించేను.

ఇప్పుడు అసలు సంగతి. గుడి మెట్లు దిగుతూ, అయితే బావకి రాసెయ్యనా, వచ్చి తీసుకెళ్తాడు అన్నాను. చెప్పులేసుకుని ముందుకెళ్ళిపోయింది. ఇంటికొచ్చాక మళ్ళీ అడిగేను. “ఇక్కడ నాను బరువయ్యేనేటి?” అంది. అబ్బెబ్బే, అది కాదప్పా అన్నాను. ఇంక ఆ పూట అన్నం తినలేదు. సుబ్బులు నన్ను చూసిన చూపుకి నాకూ తినబుద్ధి కాలేదు.

నాలుగు రోజులాగి నెమ్మదిగా కూర్చోబెట్టి అడిగేను. మీ ఇద్దరి మధ్యా ఏమైనా మాటామాటా వచ్చిందా అన్నాను. లేదంది. చేసుకోడానికి ఓపిక లేదా, ఒక పనిమనిషిని చూడమని బావకి రాస్తానన్నాను. వద్దంది. పిలిచినా రాలేదనేనా నీ కోపం, చెవులు లేని మనిషిని పట్టుకుని అదేం కోపం అప్పా, మొగుడు చెవిటివాడైతే అది అతని తప్పా అని కొంచెం గట్టిగానే అన్నాను.

“తప్పని నానన్నానేటి?” అంది. అంతే. లేచి వెళ్ళి గాజుల డబ్బాలు తుడుచుకుంది.

నీ ఉత్తరాలు రెండూ ఆమే చదువుకుంది. కుక్కర్ కూతల దగ్గర మొహం కాస్త మెత్తబడింది. కాగితం కిటికీకి అంటించేనని రాసేవు చూడు, అక్కడ ఆగి రెండోసారి చదివింది. తర్వాత నన్ను ఒక్కటే అడగమంది. “ఆ కిటికీకి తెర కట్టేరేటో అడుగు.” ఇదేం ప్రశ్నో నాకు అర్థం కాలేదు. ఎండకి పెట్టిన కాగితం కదా, తెర కడితే పసుపెలా విరుగుతుందని అన్నాను. “నువ్వు అడుగు” అంది. అడుగుతున్నాను. ఏం సంగతో మీ ఇద్దరికే తెలియాలి.

నీ బావమరిది,
సూర్యారావు


సెమిలిగుడ,
సెప్టెంబరు 14

సూర్యారావుకి,

చెయ్యి నయమైనందుకు సంతోషం.

కిటికీకి తెర కట్టేను. నీ ఉత్తరం వచ్చిన రోజే కట్టేను. కాగితం తీసేసి ముందుగది అద్దానికి అంటించేను. అక్కడ ఎండ తక్కువ. ఫరవాలేదు.

ఇక్కడ విశేషాలేమీ లేవు. ఆమెకి ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడే రానీ. నువ్వు తొందరపెట్టకు, గట్టిగా మాట్లాడకు.

తిరుమలరావు


రాయగడ,
అక్టోబరు 14

బావా,

నీ ముక్తసరి ఉత్తరం అందింది. నీకేం, తొందరపెట్టకు అని ఒక్క ముక్క రాసి కూర్చున్నావు. ఇక్కడ నా పరిస్థితి చూడు. దసరాకి శ్రీకాకుళం నుంచీ, పార్వతీపురం నుంచీ చుట్టాలు వచ్చేరు. వచ్చిన ప్రతివాళ్ళూ “వరహాలమ్మ ఇంకా ఇక్కడే ఉందేటి? ఆయనకేటైంది?” అనడమే. మన ఏలూరు పెద్దమ్మైతే, పిల్లల్లేని ఆడది పుట్టింట్లో పాతుకుపోతే ఇంక కదలదురా, ఇప్పుడే చూసుకో అని నా చెవిలో చెప్పిన మాట వీధి చివరిదాకా వినబడింది. అప్పకీ వినబడింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర నేను నోరు జారేను. పుట్టింటికి పండక్కి రావాలి గానీ కాపరానికి రాకూడదు అన్నాను. అక్కడ ఆ మనిషి గంజిముద్దలు తింటున్నాడు, ఉత్తరంలో ఏడుస్తున్నాడు, నీకు గుండె ఉందా అన్నాను. బావా, నీ తరఫున నేను మాట్లాడేను. పెద్దదాన్ని, నన్ను ఎత్తుకు పెంచినదాన్ని, అందరి ముందూ అలా అన్నాను.

ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి, “సరే, నువ్వు పొమ్మంటే పోతాను. ఎప్పుడు?” అంది. దీపావళి వెళ్ళిన ఆదివారం అన్నాను. అప్పుడే చీరలు మడతపెట్టడం మొదలెట్టింది. కుడిచెయ్యి ఇంకా సరిగ్గా బిగియదు, మడతలు జారిపోతున్నాయి. సుబ్బులు సాయం వెళ్తే వద్దంది.

కాబట్టి ఆదివారం పొద్దున్న ట్రైన్‌కి నేనే తీసుకొస్తున్నాను. ఇల్లు ఊడిపించి ఉంచు. ఏ గొడవా చెయ్యదు, ఏమీ అడగదు, నాకు మాటిచ్చింది. నువ్వూ ఏమీ అడగకు. ఇద్దరూ పాత మనుషుల్లా మళ్ళీ కాపరం చేసుకోండి.

సూర్యారావు


సెమిలిగుడ,
అక్టోబరు 19

సూర్యారావుకి,

మీ అప్పని తీసుకురావద్దు. ముందు ఈ ఉత్తరం చదువు. చదివేక ఆమెకి ఇవ్వు. ఆమెకే నేరుగా రాద్దామని మూడు కాగితాలు పాడుచేసేను. నలభై రెండేళ్ళలో ఆమెకి ఒక్క ఉత్తరం రాసినవాణ్ణి కాదు, మొదలెట్టడం తెలీలేదు. పైగా నువ్వు నా తరఫున ఆమెని మాటలన్నావు. అందుచేత ముందు నీకే తెలియాలి.

ఆమె పిలిచింది, నాకు వినబడలేదు అని రాసేను. అది నిజం. ఆస్పత్రిలో అందరికీ అదే చెప్పేను. ఫ్యాక్టరీలో ఇనస్పెక్షన్ చేసిన రోజుల్లో ఫారంలో అడిగిన గడి వరకు నింపి సంతకం పెట్టేవాణ్ణి. అడగని గడి జోలికి వెళ్ళేవాణ్ణి కాదు. ఇక్కడా అదే చేసేను. వినబడిందా అని అడిగేరు, లేదన్నాను. కనబడిందా అని ఎవరూ అడగలేదు.

కనబడింది సూర్యారావూ.

ఆ పాత కిట్‌ల ప్లాస్టిక్ వంకర్లు పోయి ఉంటుంది. రెండు దొప్పలూ తిన్నగా కలవవు. రబ్బరు బ్యాండు వేస్తే పల్చటి అంచు లోపలికి నొక్కుకుపోతుంది. గమ్ము రాసి, రెండు చేతుల్తో కలిపి పట్టుకుని, అది కరిగి ఒకటయ్యేదాకా కదలకుండా కూర్చోవాలి. పది నిమిషాలు. మధ్యలో వదిలితే కరిగిన అంచు విచ్చుకుపోయి దొప్పలు ఇంక దేనికీ పనికిరావు. అలాంటి పెట్టె ఇప్పుడు ఎక్కడా దొరకదు. గోడ గడియారం చూసుకుని పట్టుకున్నాను. పదకొండూ పది.

మూడు నిమిషాలయ్యేక మెడ పట్టేసినట్టై తలెత్తేను. ఎదురుగా కిటికీ. మీ అప్ప బండ పక్కన పడి ఉంది. కుడిచెయ్యి ఒంటికింద ఉంది. వాన పడుతోంది. నోరు కదులుతోంది. ఇరవై ఏళ్ళుగా ఆమె పెదాలు చూసే నేను మాటలు తెలుసుకుంటున్నాను. ఏమండీ అంటోంది. ఏమండీ, ఏమండీ అంటోంది.

నా చేతుల్లోకి చూసుకున్నాను. ఇంకా ఏడు నిమిషాలుంది. లేస్తుందిలే అనుకున్నాను. లేవదని తెలుస్తూనే ఉంది. బంగారమ్మ పెరట్లోకి వస్తుందిలే అనుకున్నాను. ఆ వానలో ఎవరొస్తారు. ఏం అనుకున్నానో అదంతా వదిలెయ్యి, చేసింది ఒక్కటే. కళ్ళు మళ్ళీ అతుకు మీద పెట్టేను. రెండోసారి తలెత్తలేదు. పదకొండూ ఇరవైకి బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని వెళ్ళేను. ఆమె పక్కన కూర్చుని, వినబడలేదే అన్నాను. ఆమె తలూపింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. నలభయ్యారు విమానాలు చేసేను. ఏ ఒక్కదానికీ అంత మంచి అతుకు కుదర్లేదు. వేలితో తడిమినా గీత తగలదు. ఆ మాటే నన్ను తినేస్తోంది. ఆ అతుకు పాడైనా బాగుండేది.

తెర గురించి ఆమె అడిగిందని నువ్వు రాసినప్పుడే నాకు తెలిసింది. నేను చూడ్డం ఆమె చూసింది. అంత దూరం నుంచి, ఆ వానలో, నొప్పితో పడి ఉండి చూసింది. అయినా నీకు చెప్పలేదు. రెండు నెలలుగా నీ చేత మాటలు పడింది గానీ నన్ను నీ దగ్గర చిన్నబుచ్చలేదు. నేను ఆ తెర ఆమె అడిగిందని కట్టలేదు. అది చదివేక ఇంక ఆ బండ చూడలేక కట్టేను. ఆమెకి చెప్పు.

నువ్వు ఆదివారం తీసుకొస్తే నాకు హాయే. ఏమీ అడగనని నీకు మాట కూడా ఇచ్చిందట. నేను గమ్మునుంటే చాలు, మనిషి ఇంటికొస్తుంది. అలా రావొద్దు. నువ్వు పొమ్మన్నందుకు రావొద్దు. ఆమెని ఉండనీ. నా తప్పుకి ఆమె ఇల్లిల్లూ తిరగక్కర్లేదు.

నన్ను ఇంక బావా అని పిలవాలో లేదో నీ ఇష్టం.

తిరుమలరావు


రాయగడ,
అక్టోబరు 26

తిరుమలరావు గారికి,

మీ ఉత్తరం అందింది. కొట్లో నిలబడి చదివేను. గల్లాపెట్టె తాళం సుబ్బులుకిచ్చి లోపలికి వెళ్ళి కూర్చున్నాను.

మీ విమానాల పిచ్చి చూసి మేమంతా ముచ్చటపడ్డాం. మా బావ తాగడు, తిరగడు, పేకాడడు, బొమ్మ విమానాలు చేసుకుంటాడు అని చుట్టాల్లో గొప్పగా చెప్పుకున్నాను. అటక మీద వెతికి ఆ పెట్టె పంపిన చెయ్యి నాది. అది తలుచుకుంటే ఏమీ తోచడం లేదు.

మీరు చేసినదానికంటే నాకు ఎక్కువ నొప్పిగా ఉన్నది ఇంకొకటి. రెండు నెలలు నన్ను ఆమె మీదికి అరవనిచ్చేరు. గుండె ఉందా నీకు అని నేను అడిగింది ఆమెనండీ. మీకు ప్రతి ఉత్తరంలోనూ రాస్తూనే ఉన్నాను కదా, ఇలా అన్నాను, అలా అన్నాను అని. చదివేరు. గట్టిగా మాట్లాడకు అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు.

ఉత్తరం ఆమెకిచ్చేను. కిటికీ దగ్గరకు పట్టుకెళ్ళి చదువుకుంది. చదివి మడతపెట్టి, “సెప్పేడా” అంది. ఏడవలేదు. నేను కాళ్ళ దగ్గర కూర్చుని తప్పైపోయిందప్పా అన్నాను. నా తల మీద చెయ్యి వేసింది, ఆ విరిగిన చెయ్యే.

మడతపెట్టిన చీరలు మళ్ళీ బీరువాలో నేనే పెట్టేను. ఈ ఇల్లు ఆమెది. ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు. ఏలూరు పెద్దమ్మకి కూడా ఆ మాట ఫోన్ చేసి చెప్పేను. మీరు ఇక్కడికి రావడం గురించి నేనేమీ చెప్పను. నాకైతే చూడాలని లేదు. ఆమె ఏమనుకుంటుందో ఆమే చెప్పాలి.

సూర్యారావు


రాయగడ,
నవంబరు 5

ఏమండీ,

పాదాలకి నమస్కారం అని మొదలెట్టాలంటారు. అది తరవాత రాస్తాను, ముందు సెప్పాల్సింది సెప్పనీండి. నా రాత గజిబిజిగా ఉంటాది. అయిదో తరగతి రాత, పైగా ఈ సెయ్యి ఇంకా తిన్నగా తిరగడం లేదు. సుబ్బులు రాస్తానంది. ఒద్దన్నాను.

మీరు రాసింది సదివేను. ఒక్క దగ్గర మీకు తెలీదు. ఒకసారి తలెత్తేను అని రాసేరు, అది సరే. ఎంతసేపు సూసేరో రాయలేదు. మీరు తలెత్తగానే నాకు పేణం లేచొచ్చింది. సూసేడు, ఇంకొచ్చేస్తాడు అనుకున్నాను. పిలవడం కూడా మానేసేను, సూసేడు గదా అని. మీరు సూస్తన్నారు. వానని సూసినట్టు నన్ను సూసేరు. తరవాత తల దించుకున్నారు. సెయ్యి ఇరిగిన నొప్పి అప్పుడు తెలిసింది నాకు, అప్పటిదాకా తెలీలేదు.

అది కూడా నాను మరిసిపోదును. మనిషన్నాక ఒక్కోసారి అలా అవుతాది. పాలు పొంగుతుంటే మీరు పిలిస్తే నాను మాత్రం వెంటనే వొచ్చేనేటి. గాని మీరు వొచ్చి నా పక్కన కూకుని, నా మొకం సూసి, ఇనబడలేదే అన్నారు. నాను తలూపేను. ఆ రోజు మొదలు అందరికీ తలూపుతానే ఉన్నాను. బంగారమ్మ, పాపం చెవుల్లేని మనిషి అంది. అవునన్నాను. డాక్టరు అన్నాడు, అవునన్నాను. తమ్ముడు తిట్టేడు, అవునన్నాను. అందరూ మిమ్మల్ని పాపం అంటంటే నాకు ఒక్కదానికే తెలుసు. అది ఎవరితో సెప్పుకోను? ఇంటి నిండా మనుషులున్నారిక్కడ. ఒక గళాసు కింద పడితే మూడు గదుల్లోంచి ఏటైంది, ఏటైంది అంటారు. అయినా నాకు అక్కడ మీ ఒక్కరి దగ్గరున్నప్పుడు కూడా లేనంత ఒంటరిగా ఉండీది.

తెర కట్టేరా అని ఎందుకు అడిగేనంటే, ఆ కిటికీ సూసి మీకు ఏటైనా అనిపిస్తందా లేదా తెలుసుకుందామని. కట్టేను అని రాసేరు. అంటే అనిపించింది అనుకున్నాను. గాని ఎందుకో రాయలేదు. రాస్తారేమోనని సూసేను. నెల దాటిపోయింది.

ఇప్పుడు రాసేరు. నా తమ్ముడి ముందు మీ పరువు మీరే తీసుకున్నారు. నానొస్తానంటే ఒద్దని రాసేరు. ఆదివారం నాను వొచ్చేసుంటే ఎలాగుండీదో నాకు తెలుసు. అన్నం వొండి పెడుదును, సప్పుళ్ళన్నీ సెప్పుదును, మీతో ఒక్క మాట ఆడకుండా సచ్చిపోదును.

విమానాలు ఇరగ్గొట్టేయకండి. మీకు ఆ ఆలోచన వొచ్చే ఉంటాది, మిమ్మల్ని ఎరగనా. అవి ఇరగ్గొడితే నాకేటి వస్తాది? ఆ ముక్కలు ఊడ్చడం కూడా నా పనే అవుతాది.

నాను రానండి. మీరు రండి. పొద్దుటి ట్రైన్‌కి రండి. తమ్ముడు మాటాడ్డు, అది మీరు పడాలి. స్టేషను నుంచి ఆటో తీసుకుంటే కొట్టు ముందే దిగుతారు. పైన కిటికీ రోడ్డు మీదకే ఉంటాది, నాను అక్కడే కూకుని ఉంటాను. మీరు దిగడం నాకు కనబడతాది. మీరు కూడా తలెత్తి నన్ను సూడండి. నన్ను పిలవండి, వొరాలూ అని పెద్దగా పిలవండి, వీధిలో అందరూ ఇన్నా ఫరవాలేదు. నాను వెంటనే దిగి రాను. మిమ్మల్ని సూస్తానే కూకుంటాను. పది నిమిషాలు.

తరవాత దిగి వొస్తాను. ఇక్కడే ఉందామో, మనింటికి పోదామో అప్పుడు మాటాడుకుందాం.

ఇక్కడ తుపాను వాన పట్టింది, ఇంకా తగ్గలేదు. గొడుగు తెచ్చుకోండి.

వరహాలమ్మ